యోబు స్నేహితుల మాట వినకు

ఒంగోలు,
ఆదివారం రాత్రి.

అమ్మా ఎస్తేరూ,

ప్రభువు నామంలో నీకు, అల్లుడుగారికి దీవెనలు. ఫోన్లో మాట్లాడదామంటే నువ్వు ఏడుస్తావు, నీ గొంతు విని నేనూ ఏడుస్తాను, చివరికి ఇద్దరం "అన్నం తిన్నావా" దగ్గర ఆగిపోతున్నాం. వాట్సాప్‌లో పెడితే మెట్రోలో నిలబడి గబగబా చదివేసి పక్కన పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాసి కొరియర్‌లో పంపుతున్నాను. ఓపిక ఉన్నప్పుడే చదువు. ఒక్కసారే అంతా చదవక్కర్లేదు.

మొన్న నన్ను అడిగావు కదా, "అమ్మా, నేనేం తప్పు చేశాను? శుక్రవారం ఉపవాస ప్రార్థన మానలేదు, దశమభాగం మానలేదు. రెండోసారి కూడా కడుపు నిలవలేదంటే ఎందుకు?" అని. ఎందుకో నాకు తెలియదు తల్లీ. తెలిసినట్టు మాట్లాడను కూడా. కానీ "నేనేం తప్పు చేశాను" అనే ముక్క మాత్రం నీది కాదు, ఎవరో తెచ్చి నీ నోట్లో పెట్టింది. వదినగారు ఇంటికి పిలిపించిన ఆ ప్రసంగీకుడు నీ తలమీద చెయ్యిపెట్టి "ఈ ఇంట్లో దాచిన పాపం ఏదో ఉంది, విశ్వాసం చాలడం లేదు" అన్నాడని అల్లుడుగారు చెప్పారు. పైగా ఒక నూనె సీసా ఇచ్చి, విత్తనం కానుక అని డబ్బు వేస్తే గర్భం తెరుచుకుంటుందన్నాడట. వదినగారిని నేను తప్పు పట్టను. ఆమెకు మనవడో మనవరాలో కావాలని ఎంత ఆశో నాకు తెలుసు, ఆ ఆశ నాకూ ఉంది. ఆ మాటలు మాత్రం ఊరుకోవలసినవి కావు.

ముందు శరీరం సంగతి చెప్తాను, తర్వాత ఆత్మ సంగతి. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం క్రోమోజోముల్లో తేడా వల్లే పోతాయి. బిడ్డ ఏర్పడేటప్పుడే జరిగిపోయే తేడా అది. నువ్వు స్కూటీ ఎక్కడం వల్లో, ఆఫీసులో టెన్షన్ పడటం వల్లో, ఒక శుక్రవారం ప్రార్థనలో నిద్రపోవడం వల్లో వచ్చింది కాదు. రెండుసార్లు ఇలా జరిగింది కాబట్టి ఇప్పుడు డాక్టరుగారు కొన్ని పరీక్షలు రాస్తారు. థైరాయిడ్, షుగర్, రక్తం గడ్డకట్టే గుణానికి సంబంధించిన యాంటీబాడీలు, గర్భసంచి ఆకారం చూసే స్కాన్. కారణం దొరికితే మందు ఉంటుంది. చాలామందికి ఏ కారణమూ దొరకదు, అయినా వాళ్లలో ఎక్కువమందికి తర్వాత బిడ్డలు పుడతారు. ఇది విశ్వాసం లేనివాళ్లు చెప్పే మాట అని ఎవరైనా అంటే, సువార్త రాసిన లూకాను పౌలు ప్రియమైన వైద్యుడని పిలిచాడని చెప్పు.

ఇంకోటి. నాలుగు రోజులకే ఆఫీసుకు వెళ్లిపోయావట! గర్భం పోయిన ఉద్యోగినికి ఆరు వారాలు జీతంతో సెలవు ఇవ్వాలని చట్టంలోనే ఉంది. డాక్టరు సర్టిఫికెట్ పెట్టాలి, అంతే. మీ హెచ్‌ఆర్ వాళ్లు తమంతట తాము చెప్పరు, నువ్వే అడగాలి. సిగ్గుపడకు. ప్రసవమైతే అందరికీ చెప్పేవాళ్లం, ఇది మాత్రం దాచుకుని సిస్టం ముందు కూర్చోవాలా?

సరే, ఇక అసలు సంగతి.

ఆస్తినీ, పదిమంది బిడ్డల్నీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న భక్తుడు యోబు. ఆయన గ్రంథాన్ని మనవాళ్లు చావు ఇంట్లోనే తెరుస్తారు. అదీ మొదటి అధ్యాయంలోనే ఆగిపోతారు. "యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను, యెహోవా నామమునకు స్తుతి కలుగునుగాక" అని చదివి, మూసేసి, కాఫీలు తాగుతారు. ఇంకా నలభై ఒక్క అధ్యాయాలు మిగిలే ఉంటాయి. మూడో అధ్యాయానికి వచ్చేసరికి అదే యోబు తాను పుట్టిన రోజును శపిస్తాడు. నన్నెందుకు కడుపులోనే చావనివ్వలేదు అంటాడు. మన సంఘంలో ఎవరైనా లేచి ఆ మాటంటే మైకు లాక్కుంటారు. కానీ బైబిలు ఆ మాటల్ని తీసేయలేదు, అలాగే ఉంచింది.

ఆయన్ని చూడ్డానికి ముగ్గురు స్నేహితులు వస్తారు. ఎలీఫజు, బిల్దదు, జోఫరు. వాళ్లు చేసిన మంచి పని ఒకటుంది. ఏడు రోజులు నేల మీద ఆయన పక్కన కూర్చుని ఒక్క మాటా మాట్లాడలేదు. అలాగే లేచి వెళ్లిపోయి ఉంటే ఈపాటికి వాళ్లకు గుళ్లు కట్టేవాళ్లం. ఎనిమిదో రోజు నోరు తెరిచారు. నిరపరాధి ఎప్పుడైనా నశించాడా, గుర్తుచేసుకో అని ఎలీఫజు మెల్లగా మొదలుపెట్టాడు. బిల్దదైతే పదిమంది బిడ్డల్ని మట్టిలో పెట్టి వచ్చిన తండ్రితో, నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే దేవుడు వాళ్లను వదిలేశాడు అన్నాడు. నీ పాపానికి ఇది తక్కువ శిక్షే అని జోఫరు ముగించాడు. వాళ్ల మాటల్లో చాలా భాగం విడివిడిగా చూస్తే మంచి ప్రసంగమే. పశ్చాత్తాపపడు, దేవుని వైపు తిరుగు, మళ్లీ దీవిస్తాడు. మన కన్వెన్షన్లలో ఇవే మాటలకు ఆమేన్ చెప్తాం. గాయపడినవాడి ముందు చెప్పేసరికి అవి అబద్ధాలయిపోయాయి.

ఇలా ముప్ఫై అధ్యాయాలకు పైగా వాదన. చివరికి దేవుడు సుడిగాలిలో నుంచి మాట్లాడతాడు. తీర్పు ఎవరి మీద చెప్పాడో చూడు. నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నా గురించి సరిగా పలకలేదు అని ఎలీఫజు మీద కోప్పడ్డాడు. దేవుణ్ణి నిలదీసిన యోబుది సరైన మాటయింది, దేవుణ్ణి వెనకేసుకొచ్చిన ముగ్గురిదీ తప్పయింది. పైగా వాళ్ల కోసం యోబే ప్రార్థన చేయాలట. నీకు ఓపిక వచ్చినప్పుడు ఆ ప్రసంగీకుడి కోసం నువ్వూ ప్రార్థన చేయొచ్చు. తొందరేం లేదు.

నాకు ఎప్పుడూ పట్టి లాగేది ఆ గ్రంథం మొదట్లో సాతాను అడిగిన ప్రశ్న. యోబు నిన్ను ఊరికే సేవిస్తున్నాడా? చుట్టూ కంచె వేశావు, మందలిచ్చావు, పిల్లలనిచ్చావు, అందుకేగా ఈ భక్తి? అవన్నీ తీసేసి చూడు, నీ ముఖం మీదే దూషిస్తాడు అంటాడు. ఏడు వేల గొర్రెలు, మూడు వేల ఒంటెలు ఉన్నవాడి భక్తి గురించి అలా అనుమానపడటం అన్యాయమేమీ కాదు. మనందరినీ అడగవలసిన ప్రశ్నే అది. విత్తనం కానుక వేస్తే బిడ్డ పుడుతుందనేవాడు సాతాను మాటే నిజమంటున్నాడు. భక్తి అంటే ఇచ్చిపుచ్చుకోవడమేనని ఒప్పుకుంటున్నాడు. దేవుని వరాన్ని డబ్బుతో కొనొచ్చనుకున్న సీమోనును పేతురు ఎంత గట్టిగా చీవాట్లు పెట్టాడో అపొస్తలుల కార్యాలు ఎనిమిదో అధ్యాయంలో చదువు. అది చదివాక కూడా డబ్బు ఇవ్వాలనిపిస్తే మీ అపార్ట్‌మెంట్‌లో పనిచేసే అమ్మాయి ఫీజుకివ్వు.

ఇక్కడ మన ఇంటి కథ ఒకటి చెప్పాలి. నీకు ముక్కలు ముక్కలుగా తెలుసు, పూర్తిగా నేనెప్పుడూ చెప్పలేదు.

మా నాయనమ్మకు నాయనమ్మ ధాత కరువు చూసిన మనిషి. 1876లో వానలు పోయాయి. ఆ తర్వాతి ఏడూ సరిగా లేదు. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల మంది పోయారు. ఆకలితో పోయినవాళ్లెందరో, ఆకలి వెనకే వచ్చిన కలరాతో, మశూచితో పోయినవాళ్లూ అందరు. మనవాళ్లు తోలు పని చేసేవాళ్లు, పాలేర్లు. రైతు దగ్గరే గింజ లేనప్పుడు మనకెవరు పెడతారు? ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకున్నాడు. దొరకు సర్వే పని, లెక్కలు తెలుసు. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టి వేలమందికి కూలి ఇచ్చాడు. మా నాయనమ్మ నాయనమ్మ ఆ కాలవ గట్టున మట్టి తట్ట మోసింది. అప్పటికి ఆమెకు ఇద్దరు పిల్లలు. కాలవ పని అయ్యేసరికి ఒక్కడే మిగిలాడు. పోయిన పిల్ల పేరేమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆ రోజుల్లో వందల కొద్దీ జనం, మమ్మల్నీ కలుపుకోండి, బాప్తిస్మం ఇవ్వండి అని దొర దగ్గరికి వచ్చేవాళ్లు. దొర ఒప్పుకోలేదు. కూలి కోసం, కూటి కోసం వస్తున్నారేమోనని పదిహేను నెలలు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సంఖ్య పెరిగితే అమెరికాలో మిషన్ వాళ్లు సంతోషించేవాళ్లే, అయినా ఇవ్వలేదు. యోబు గురించి సాతాను అడిగిన ప్రశ్ననే ఆయన మనవాళ్ల గురించి అడుక్కున్నాడన్నమాట. నాకు చిన్నప్పుడు ఇది విని కోపం వచ్చేది. ఆకలితో ఉన్నవాడి భక్తిని పరీక్ష పెట్టడానికి ఈయనెవరు అనిపించేది. ఇప్పుడూ కొంచెం అలాగే అనిపిస్తుంది. కానీ దానివల్ల ఒక సంగతి తేలింది.

కరువు సాయం పంచడం ఆగిపోయాక, ఇంక పంచడానికేమీ లేదని తెలిశాక, జనం మళ్లీ వచ్చారు. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర గుంపులు గుంపులుగా కూర్చున్నారు. జూలై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది ఏటిలో దిగారు. దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. మన తెలుగు బోధకులు ఆరుగురు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో నిలబడ్డారు. 3న దిగిన ఆ రెండువేల చిల్లర మందిలో మా నాయనమ్మ నాయనమ్మ ఉంది. పక్కన బతికి ఉన్న కొడుకు.

ఇప్పటికీ కొందరు మనల్ని పాలపొడికి కలిసినవాళ్లు అంటారు. స్కూల్లో నేనూ విన్నాను, స్టాఫ్ రూములో కూడా విన్నాను. నేనేమీ ఆ మూడు రోజులూ ఏట్లోకి దిగినవాళ్లందరి మనసులూ చదివినదాన్ని కాదు. బడి దొరుకుతుందని, ఊళ్లో మనిషిగా చూస్తారని కొందరు వచ్చి ఉంటారు. వస్తే తప్పేముంది? నేను ఆలోచించేది ఆమె గురించి. బిడ్డ పోయింది. అన్నం పెట్టిన పని అయిపోయింది. దేవుడు ఆమెకు ఏమిచ్చాడని ఆ నీళ్లలోకి దిగింది? ఇవ్వాల్సిందంతా ఎవరో తీసేసుకున్న తర్వాత వచ్చింది ఆమె. లాభం కోసమైతే రావలసిన వేళ అది కాదు. ఆమె ఏమీ రాసిపెట్టలేదు, రాయడం రాదు. మా నాయనమ్మ చెప్పినదల్లా, ఆమె ఆదివారం గుడికి వెళ్లేటప్పుడు కాలవ దారిన వెళ్లేది కాదట, పొలాల మీదుగా చుట్టూ తిరిగి వెళ్లేదట. జీవితాంతం అంతే. ఆ గట్టును క్షమించలేదు, గుడికి వెళ్లడమూ మానలేదు.

నేను నీకు చెప్పదలచుకున్నది చాలావరకు ఇదే. నమ్మకంగా ఉండటమంటే బాధ లేనట్టు ఉండటం కాదు. నువ్వు చుట్టూ తిరిగి వెళ్లవలసిన దారులు ఉంటాయి. మీ సంఘంలో పిల్లల ప్రతిష్ట జరిగే ఆదివారం వెళ్లబుద్ధి కాకపోతే వెళ్లకు. శ్రీమంతాలకు పిలిస్తే కానుక పంపి ఊరుకో. ఎవరైనా అడిగితే ఒంట్లో బాగాలేదని చెప్పు, అది అబద్ధం కాదు.

మీ నాన్న సంగతి తీయకుండా ఈ ఉత్తరం పూర్తి కాదు. 2021 మే నెలలో ఆక్సిజన్ బెడ్ కోసం మనం ఎలా పరిగెత్తామో, జూమ్‌లో ఎన్ని సంఘాలు కలిసి ప్రార్థించాయో నీకు తెలుసు. నువ్వు హైదరాబాదులో ఫోన్ పట్టుకుని మోకాళ్ల మీదే నిద్రపోయావు. అదే వారం మన వీధి చివర ఉన్నాయన, దేవుడంటే ఏనాడూ లెక్క లేనివాడు, బతికి ఇంటికొచ్చాడు. పాపం అతను బతకడం నాకు ఇష్టం లేదని కాదు. కానీ ఆ రాత్రి నేను దేవుణ్ణి అన్న మాటలు నీకు రాయలేను. డెబ్బై మూడో కీర్తనలో ఆసాపు ఇదే గొడవ పెట్టుకుంటాడు, దుష్టులు హాయిగా ఉన్నారు, నేను చేతులు కడుక్కుని ఏం బావుకున్నాను అని. కాలు జారడానికి కొంచెమే తప్పింది అంటాడు. నాకూ కొంచెమే తప్పింది.

తర్వాత చాలామంది వచ్చారు. ప్రభువు చిత్తం అన్నారు, ఆయనకు మంచి మనుషులే కావాలి అన్నారు, ఏదో మేలు కోసమే అన్నారు. వాళ్లలో ఎవ్వరి మాటా నాకు పనికి రాలేదు. పనికొచ్చింది మీ పెదనాన్న కోడలు. ఆ అమ్మాయి రోజూ పొద్దున్నే వచ్చి గంజి కాచి, గిన్నె ముందు పెట్టి, నేను తాగేదాకా కూర్చుని వెళ్లేది. ప్రార్థన కూడా చేసేది కాదు. కొన్నాళ్లు నా నోట పాట రాలేదు. గుడిలో అందరూ నిలబడి పాడుతుంటే పెదవులు కదపకుండా నిలబడేదాన్ని.

అప్పుడు నాకు మార్కు సువార్తలో పక్షవాయువు ఉన్నవాడి కథ వేరేగా కనిపించింది. సండే స్కూల్లో పిల్లలకు ఆ కథ ఎన్నిసార్లు చెప్పానో, ఇంటి కప్పు విప్పడం మీదే ఎప్పుడూ దృష్టి పెట్టాను. నలుగురు మోసుకొచ్చారు, కప్పు విప్పి దించారు. యేసు ఎవరి విశ్వాసం చూశాడు? "వారి విశ్వాసము" అని ఉంది. మంచం మీదున్నవాడు నోరు తెరిచి ఒక్క మాట అన్నట్టు అక్కడ లేదు. వాడికి విశ్వాసం ఉందో లేదో ఎవరూ అడగలేదు. నీకు ఇప్పుడు ప్రార్థన రావడం లేదన్నావు. రాకపోతే రానీ. మేం నలుగురం ఉన్నాం మోయడానికి. నేను, మీ పెద్దమ్మ, మన స్త్రీల సమాజంలో ఇద్దరు. నీ పేరు చెప్పి మోస్తున్నాం. ఏం జరిగిందో వాళ్లకు వివరం చెప్పలేదు, కంగారు పడకు.

ఎప్పుడైనా నోరు తెరవాలనిపిస్తే మంచి మాటలే అనాలని లేదు. తిట్టు. కీర్తనల్లో ఎన్నో ఫిర్యాదులే. ఎన్నాళ్లు నన్ను మరిచిపోతావు అని దావీదు అడిగాడు. ఎనభై ఎనిమిదో కీర్తన చూడు. చాలా ఏడుపు కీర్తనల్లో చివరికి ఒక స్తోత్రం వస్తుంది, దాంట్లో అదీ రాదు. చీకటి దగ్గరే ఆగిపోతుంది. ఆ కీర్తనను కూడా ఆలయంలో పాడారంటే, అలా ఆగిపోయినవాళ్లకూ ఆ గుడిలో చోటుందన్నమాట. సిలువ మీద మన ప్రభువు కూడా నన్నెందుకు చెయ్యి విడిచావనే అడిగాడు. ఆ మాటకు పైనుంచి జవాబు వచ్చినట్టు సువార్తల్లో లేదు. అయినా అడిగింది "నా దేవా" అని పిలిచే. కోపం వచ్చినప్పుడు ఆయన వైపు తిరిగి కోప్పడు. ముఖం తిప్పేసుకుని ఆయన లేనట్టు తిరగడం మొదలుపెడితే మాత్రం నాకు భయం వేస్తుంది.

అందరూ నీకు హన్నా కథ చెప్తూ ఉంటారు. హన్నాకు సమూయేలును ఇచ్చాడు, శారాకు ఇస్సాకును ఇచ్చాడు, ఎలీసబెతుకు యోహానును ఇచ్చాడు, నీకూ ఇస్తాడు అని. నేను మాత్రం ఆ మాట చెప్పను. ఇస్తే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు, రోజూ అడుగుతూనే ఉన్నాను. కానీ ఇస్తానని ఆయన నీతో చెప్పలేదు, నాతో చెప్పలేదు. చెప్పని మాటను చెప్పినట్టు నీ చేతిలో పెడితే, అది జరగనినాడు నువ్వు దేవుడు మోసం చేశాడనుకుంటావు. మోసం చేసేది నేనవుతాను. పౌలు తన శరీరంలో ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకుంటే తీయలేదు. "నా కృప నీకు చాలును" అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ జవాబు పౌలుకు మొదట విన్నప్పుడు నచ్చి ఉంటుందని నేననుకోను. హన్నా కథలో నాకు నచ్చేది వేరే ఉంది. బిడ్డ పుట్టకముందే, కడుపు పండుతుందో లేదో తెలియకముందే, గుడిలో తన గోడంతా కుమ్మరించి లేచి వెళ్లి భోజనం చేసింది. ఆ తర్వాత ఆమె దుఃఖముఖిగా లేదని ఉంది. యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు చూడు, దేవుని మనుషులు మనల్ని తప్పుగా అనుకోవడం ఆనాటి నుంచే ఉంది.

యోబు దగ్గర ఇంకో సంగతి మిగిలిపోయింది. చివరి అధ్యాయంలో ఆయనకు అన్నీ రెండింతలయ్యాయని చెప్తారు. గొర్రెలు పద్నాలుగు వేలు, ఒంటెలు ఆరు వేలు. పిల్లలు మాత్రం రెండింతలు కాలేదు. మళ్లీ ఏడుగురు కొడుకులు, ముగ్గురు కూతుళ్లే. పోయిన పదిమందీ దేవుని దగ్గర ఉన్నారు కాబట్టి కలిపితే రెండింతలే అని బోధకులు లెక్క చెప్తారు. నాకా లెక్క ఇష్టమే. కానీ యోబు భార్య గురించి ఆలోచించు. ఆమె అన్నది ఒక్క మాట, దేవుణ్ణి దూషించి చావు అని. ఆ ఒక్క మాటకే ఇన్ని తరాల నుంచి బోధకులు ఆమెను ఉతికేస్తున్నారు. పదిమందిని కన్నది ఆమె. పదిమందినీ ఒక్క రోజున పోగొట్టుకున్నదీ ఆమే. దేవుడు స్నేహితులను కోప్పడ్డాడు గానీ ఆమెను ఒక్క మాటా అన్నట్టు లేదు. మళ్లీ పదిమంది పుట్టాక కూడా ఆమె మొదటి పదిమందిని మరిచిపోయి ఉండదు. రేపు నీకు ఎందరు పుట్టినా, పుట్టకపోయినా, ఈ ఇద్దరూ నా మనవలే. నా లెక్కలో ఉన్నారు. "ఇంకా రూపం కూడా రాలేదుగా" అని ఎవరన్నా నువ్వు ఏడవొచ్చు.

మరి ఇన్ని చెప్పి, నువ్వెందుకింకా నమ్ముతున్నావమ్మా అని అడుగుతావు. మీ నాన్న పోయాక ఒకసారి అడిగావు కూడా, నేను జవాబు చెప్పకుండా వంటింట్లోకి వెళ్లిపోయాను. యేసు మాటలు కష్టమైనవని చాలామంది శిష్యులు వదిలి వెళ్లిపోయినప్పుడు, మీరూ వెళ్లిపోతారా అని ఆయన పన్నెండుమందినీ అడిగాడు. పేతురు పెద్ద సిద్ధాంతమేమీ చెప్పలేదు. "ప్రభువా, యెవనియొద్దకు వెళ్లుదుము?" అన్నాడు. నాదీ అంతే. ఏడిస్తే ఆయన దగ్గరే ఏడ్చాను, అరిస్తే ఆయన మీదే అరిచాను. ఇంకెక్కడికి పోను? యోబు కూడా, ఆయన నన్ను చంపినా ఆయన కోసమే కనిపెడతానన్నాడు. అదే నోటితో, ఆయన ముందే నా వాదన వినిపిస్తానన్నాడు. రెండూ ఒకే వచనంలో ఉన్నాయి.

ఎందుకు జరిగిందో యోబుకు చివరి దాకా చెప్పలేదు దేవుడు. పరలోకంలో సాతానుతో జరిగిన మాటలు చదివే మనకు తెలుసు గానీ యోబుకు తెలియదు. దేవుడు వచ్చి ఆయన్ని ప్రశ్నలు మాత్రం అడిగాడు. భూమికి పునాదులు వేసినప్పుడు నువ్వెక్కడున్నావు, కొండ మేకలు ఈనే కాలం నీకు తెలుసా అని. ఈ మేకల ప్రశ్న నేను ఇదివరకు పట్టించుకోలేదు, ఈ మధ్యే ఆగి చదివాను. ఎవరూ చూడని కొండల్లో ఏ తల్లి ఏ నెలలో ఉందో తాను లెక్కపెడుతున్నానంటాడు. అది జవాబో కాదో నాకు తెలియదు. కానీ అది చదివిన రాత్రి నిద్రపట్టింది.

అల్లుడుగారిని కూడా ఒకసారి చూడు తల్లీ. ఆయన ఏడవడం లేదని ఆయనకు లేదనుకోకు. నాకు ఫోన్ చేసి నీ సంగతి చెప్పేటప్పుడు మూడుసార్లు ఆగిపోయారు. మగవాళ్లను ఎవరూ "ఎలా ఉన్నావు" అని అడగరు, "ఆవిడకు ఎలా ఉంది" అనే అడుగుతారు. ఒక ఆదివారం ఇద్దరూ గుడికి వెళ్లకపోయినా పర్లేదు, ఎటైనా వెళ్లి కూర్చోండి.

నేను వచ్చే శనివారం రాత్రి రైలుకి బయలుదేరుతున్నాను. మీ పెద్దమ్మ గోంగూర పచ్చడి ఇస్తానంది, ఎండు రొయ్యలు తెస్తున్నాను. వదినగారితో నేనే నెమ్మదిగా మాట్లాడతాను, నువ్వేమీ అనకు, ఆమె మనసు నొప్పించొద్దు. సోమవారానికి డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకోమని అల్లుడుగారికి చెప్పు. ఆయన్ని కూడా సెలవు పెట్టమను, ఆ రక్తపరీక్షల్లో కొన్ని ఇద్దరికీ చేస్తారట. పాత స్కాన్ రిపోర్టులన్నీ ఒక ఫైల్లో పెట్టి ఉంచు.

నీ
అమ్మ